పింజారి షేక్ నాజర్: తెలుగు జుబాన్‌లో మన ఫన్‌కార్

తెలుగులో ఎదుటి మనిషిని చిన్నబుచ్చడానికి వాడే మాటల్లో ‘పింజారి’ ఒకటి. బజారులో వింటాం, బస్సులో వింటాం, సినిమాల్లో కూడా విన్నాం. తిట్టేవాళ్లలో చాలామందికి అది ఒక బిరాదరీ పేరని తెలియదు. దూది ఏకి, పరుపులు కుట్టి, హలాల్ కమాయీతో పిల్లల్ని సాకిన మెహనతీ మనుషుల పేరని తెలియదు. ఆ తిట్టే పేరుగా ఒక మనిషి ఆత్మకథ వెలువడింది. ఆ మనిషి పద్మశ్రీ షేక్ నాజర్. ఆయన చెప్పిన తన జీవితాన్ని అంగడాల వెంకటరమణమూర్తి ‘పింజారి’ పుస్తకంగా మనకు అందించారు. తెలుగు నేల ఆయన్ని ‘బుర్రకథ పితామహుడు’ అని పిలుచుకుంది. మన ముస్లిం ఘరానాల్లో మాత్రం ఆయన జిక్ర్ రావడం అరుదు.

నేను ఉర్దూ మీడియం స్కూల్లో చదువుకున్నాను. అక్కడ ఇక్బాల్‌నీ గాలిబ్‌నీ కంఠతా పట్టించారు. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. జానపద కళల పాఠంలో బుర్రకథ వచ్చింది. నాజర్ పేరు ఒక్క వాక్యంలో అలా వచ్చి ఇలా వెళ్లిపోయింది. ఉర్దూ క్లాసులో ఆయన లేరు, ఎందుకంటే ఆయన ఫన్ అంతా తెలుగులో సాగింది. తెలుగు క్లాసులో ఆయన ఉన్నారు గానీ ఆయన ఇల్లు, ఖాన్‌దాన్, తాతల నాటి పేషా లేవు. ఈ రెండు క్లాసుల మధ్య సందులో జారిపోయిన ఫన్‌కార్ తారీఖ్ ఇది. మన పిల్లలకి చెప్పుకోదగ్గ తారీఖ్.

దూది ఏకే ఇంట పుట్టినవాడు

నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు. పూర్తి పేరు షేక్ నాజర్ వలీ. తండ్రి మస్తాన్, తల్లి బీనాబీ. పొన్నెకల్లు ఇవాళ తాడికొండ మండలంలో ఉంది. మా మంగళగిరి నుంచి బయలుదేరితే పెద్ద సఫర్ కూడా కాదు. పేద దూదేకుల కుటుంబం వాళ్లది.

దూదేకుల అన్నా, లద్దాఫ్ అన్నా, పింజారి అన్నా, నూర్‌బాషా అన్నా ఒకే బిరాదరీ. మన రాష్ట్ర వెనకబడిన తరగతుల జాబితాలో ఈ పేర్లన్నీ బీసీ-బి కింద ఒకే వరసలో కనిపిస్తాయి. లద్దాఫ్ అనేది అరబీ ‘నద్దాఫ్’ నుంచి వచ్చిన మాట, అంటే దూది ఏకేవాడు. నూర్‌బాషా అనేది నేతగాడు అనే అర్థమున్న ఫార్సీ ‘నూర్‌బాఫ్’ నుంచి వచ్చిందంటారు. ఉత్తరాదిలో ఇదే పని చేసేవాళ్లని ధునియాలంటారు, వాళ్లు తమని తాము మన్సూరీలని చెప్పుకుంటారు. ఆ మన్సూర్ ఎవరనుకున్నారు? 922లో బగ్దాద్‌లో ‘అనల్ హఖ్’ అన్నందుకు ప్రాణం ఇచ్చాడని సూఫీలంతా తలుచుకునే మన్సూర్ హల్లాజ్. ‘హల్లాజ్’ అంటే కూడా అరబీలో దూది ఏకేవాడే. బగ్దాద్‌లో ఒక సూఫీ పేరు పక్కన ఇజ్జత్‌గా నిలిచిన పేషా, కృష్ణా ఒడ్డుకి వచ్చేసరికి తిట్టయింది.

మంగళగిరి వాళ్లకి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. మాది మగ్గాల ఊరు. ఏకకుండా దూది నూలు కాదు, నూలు లేకుండా మగ్గం ఆడదు. చీర మీద ఊరి పేరు దేశమంతా తిరుగుతుంది. దూది ఏకే విల్లు పట్టుకుని వీధి వీధీ తిరిగిన మనిషి పేరు మాత్రం ఎవరికీ గుర్తుండదు.

దూదేకుల ఇళ్లలో ఎక్కువగా మాట్లాడేది తెలుగు. ఉర్దూ మాట్లాడే మన ఇళ్లలో దాన్నొక కమీగా చూసేవాళ్లు. ‘వాళ్లకి తురకం రాదు’ అని నవ్వుకునేవాళ్లు. అదే కమీ అనుకున్నది ఎంత పెద్ద దౌలత్ అయిందో సంగీతంలో చూడండి. కోస్తా జిల్లాల్లో నాదస్వరం పట్టిన దూదేకుల ఖాన్‌దాన్‌లు తరతరాలుగా ఉన్నాయి. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా ఆ విద్యతోనే శ్రీరంగం చేరారు, 1977లో పద్మశ్రీ అందుకున్నారు. నాజర్ ఆ మట్టిలోంచే వచ్చారు. రాగం, తాళం, తెలుగు పలుకు ఆ బిరాదరీకి బయటినుంచి అరువు తెచ్చుకున్నవి కావు.

బాల మహమ్మదీయ సభ

నాజర్ బచ్‌పన్‌లో రంగస్థలం అంటే పద్యనాటకం. పందిరి, పెట్రోమాక్సు దీపాలు, హార్మోనియం, తెల్లవార్లూ పద్యాలు. ఆడవేషాలు కూడా మగపిల్లలే కట్టాలి. గొంతు బాగున్న కుర్రవాడికి ఊళ్లో ఎక్కడలేని ఖదర్ దక్కేది. నాజర్‌ది అలాంటి గొంతు. బాలరత్న సభ అనే నాటక సంస్థలో చేరారు. ద్రోణాచార్యుడి వేషం కట్టారు, ‘రామదాసు’ నాటకంలో చాందినీ పాత్ర వేశారు.

ఈ ‘రామదాసు’ గురించి ఒక మాట. గోల్కొండ చివరి సుల్తాన్ అబుల్ హసన్ తానాషా, తెలుగువాళ్ల నోట తానీషా, కబీరు, భద్రాచలం రాముడు ఒకే కథలో కలిసే నాటకం అది. తెలుగు నాటకంలో మన దర్బారు, మన అదబ్, మన వేషభాషలు కనిపించే చోటు. మన జుబాన్‌కి తెలుగు స్టేజీతో తాల్లూఖ్ దానికన్నా పాతది. 1880లలో మచిలీపట్నం నాటక సమాజం కోసం నాదెళ్ల పురుషోత్తమ కవి అనే తెలుగు పండితుడు 32 హిందుస్తానీ నాటకాలు రాశారు. భాష హిందుస్తానీ, లిపి తెలుగు. బందరు జనం ఆ నాటకాలు చూశారు. అంటే కృష్ణా డెల్టాలో తెలుగు పండితుడు మన జుబాన్‌లోకి వచ్చి నాటకం రాసిన దారి ఒకటుంది. నాజర్ అదే దారిలో ఎదురుగా నడిచి తెలుగు నాటకంలోకి వచ్చారు. దారి ఒక్కటే, రాకపోకలు రెండు వైపులా ఉన్నాయి.

ఆ తర్వాత ‘బాల మహమ్మదీయ సభ’ పేరుతో నాటకాలు ఆడారు. ఆ పేరు ఒకసారి పైకి చదివి చూడండి. ఆ సభ ఆడిన నాటకాల్లో ‘పాదుకా పట్టాభిషేకం’ ఉంది, ‘ఖిల్జీ రాజ్యపతనం’ ఉంది, ‘రామదాసు’ ఉంది. మహమ్మదీయ సభ వాళ్లు ఖిల్జీ రాజ్యం కూలిపోయే నాటకం ఆడతారు, ఊరు ఊరంతా కూర్చుని చూస్తుంది. ఖిల్జీ ఓడితే మనం ఓడినట్టని ఆ పిల్లలు అనుకోలేదు. రాముడి పాదుకల పద్యం సాయిబుల పిల్లాడు పాడితే మైల పడుతుందని చూసేవాళ్లూ అనుకోలేదు. ఇవాళ టీవీ చర్చల్లో ఎవరి చక్రవర్తి ఎవరికి దుష్మనో లెక్కలు తీస్తున్న రోజుల్లో ఆ సభ పేరు, ఆ నాటకాల ఫెహ్రిస్తు పక్కపక్కన పెట్టి చదవాల్సిన సంగతి.

నాటకాల్లో పాడే గొంతు వేరు, సంగీతం తెలిసిన గొంతు వేరు. అందుకని నాజర్ నరసరావుపేటలో మురుగుళ్ల సీతారామయ్య దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు. గుర్బత్ వెంటాడుతూనే ఉంది. అయినా అక్కడ సంపాదించిన స్వరజ్ఞానమే తర్వాత ఆయన్ని మిగతా కథకుల నుంచి వేరుగా నిలబెట్టింది.

బుర్రకథ అంటే ఏమిటి

మన పిల్లల్లో చాలామంది బుర్రకథ చూడలేదు. కాబట్టి వివరంగా చెప్పుకోవాలి. ముగ్గురు మనుషులు. మధ్యలో కథకుడు. భుజాన తంబూరా, వేళ్లకి మోగే అందెలు, కాళ్లకి గజ్జెలు. తలకి పాగా, ఒంటికి రంగుల అంగరఖా, నడుముకి దట్టీ. అటూ ఇటూ ఇద్దరు వంతలు, చేతుల్లో డక్కీలు. కుడి పక్క వంత లోకం సంగతులు, రాజకీయం మాట్లాడతాడు. ఎడమ పక్క వంత నవ్విస్తాడు. కథకుడు పాడతాడు, వంతలు ‘తందానా’ అని అందుకుంటారు. పాట ఆపి వచనం చెబుతాడు, వచనం ఆపి అభినయిస్తాడు. క్షణం క్రితం రాజు, ఇప్పుడు రాజు తల్లి, మరుక్షణం గుర్రం మీద సిపాయి. తెర లేదు, మేకప్ మార్పు లేదు. నాటక కంపెనీ మొత్తం ఒకే మనిషి ఒంట్లో ఉంటుంది.

ఈ రూపం నాజర్ కనిపెట్టింది కాదు. జంగం కథగా, తందాన కథగా పల్లెల్లో అంతకుముందే ఉంది. మరి ‘పితామహుడు’ అని ఎందుకంటున్నారు? నా ఖయాల్‌లో దానికి మూడు వజహ్‌లు. మొదటిది, పద్యనాటకంలో స్త్రీ, పురుష పాత్రలు రెండూ కట్టిన నటుడు ఆయన. ఆ నటనంతా కథకుడి ఒంట్లోకి తెచ్చారు. రెండోది, శాస్త్రీయ సంగీతం. ఏ ఘట్టానికి ఏ రాగం పలకాలో తెలిసిన గొంతుతో జానపద బాణీని పాడారు. మూడోది, కథ. దేవుళ్ల, రాజుల కథలు చెప్పే ప్రక్రియలోకి నిన్నటి పేపర్లో వచ్చిన వార్తని తెచ్చిన తరంలో ఆయన ముందు నిలబడ్డారు.

మన ఇళ్లలో పెద్దవాళ్లకి ఈ ఫన్ అంత పరాయిదిగా అనిపించి ఉండదు. పీర్ల పండుగ రోజుల్లో హసన్, హుసేన్‌ల కథ తెలుగు పాటలుగా గుంటూరు, కృష్ణా పల్లెల్లో వినిపించేది. ఒకరు ఎత్తుకుంటే గుంపు అందుకోవడం, శహాదత్ ఘట్టం దగ్గర వినేవాళ్ల కళ్లు చెమర్చడం మన పల్లె ముస్లింలకీ వాళ్ల హిందూ పడోసీలకీ తెలిసిన అనుభవం. బాలచంద్రుడి యుద్ధం చెప్పే బుర్రకథ దగ్గర కూడా జనం అలాగే కూర్చున్నారు, అలాగే ఏడ్చారు.

కరువు, ఎర్రజెండా, ప్రజానాట్యమండలి

1940ల మొదట్లో గుంటూరు, కృష్ణా జిల్లాల్లో కమ్యూనిస్టు పార్టీ బలంగా పెరుగుతోంది. చదువురాని రైతు కూలీకి కరపత్రం ఇస్తే ఏం లాభం? పాట కావాలి, కథ కావాలి. ఆ నాయకుల్లో పాటగాళ్లూ ఉన్నారు. ‘చేయెత్తి జైకొట్టు తెలుగోడా’ రాసిన వేములపల్లి శ్రీకృష్ణ ఈ జిల్లా నాయకుడే, తర్వాత రోజుల్లో మా మంగళగిరి నుంచి శాసనసభకు కూడా ఎన్నికయ్యారు. పార్టీ బుర్రకథ దళాలని తయారుచేసింది. నాటకాల నాజర్ బుర్రకథ నాజర్ అయ్యింది ఈ కాలంలోనే. ఆయనకి వంతలుగా రామకోటి, పురుషోత్తం నిలిచారు.

ఒకసారి ఆ ముగ్గురినీ కళ్ల ముందు పెట్టుకోండి. మధ్యలో నాజర్, పక్కన రామకోటి, పురుషోత్తం. ఆ దళాన్ని ఊళ్లోకి పిలిచేటప్పుడు ఎవరి మజ్‌హబ్ ఏమిటని ఎవరూ అడగలేదు. అడిగింది ఒక్కటే: ‘ఇవాళ రాత్రి ఏ కథ?’

1943లో బొంబాయిలో ఇప్టా పుట్టింది. ఆంధ్రలో దాని శాఖే ప్రజానాట్యమండలి. డాక్టర్ గరికపాటి రాజారావు దాన్ని నడిపించారు. అదే ఏడు బెంగాల్లో కహత్ పడింది. లక్షలాది మంది తిండి లేక చచ్చిపోయారు. ఆ కరువు మీద బిజన్ భట్టాచార్య బెంగాలీలో ‘నబాన్న’ నాటకం రాశారు, 1944లో ఇప్టా ఆడింది. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ 1946లో ‘ధర్తీ కే లాల్’ సినిమా తీశారు. తెలుగు పల్లెల్లో అదే కరువు ‘బెంగాలు కరువు’ బుర్రకథగా నాజర్ గొంతులో వినిపించింది. బెంగాల్ ఎక్కడుందో తెలియని పొన్నెకల్లు, తాడికొండ రైతు, అక్కడి తల్లి బిడ్డ కోసం పడ్డ తడప్‌ని ఇక్కడ కూర్చుని విన్నాడు.

ఆ జమానాలో మరాఠీ దేశంలో ఇదే పని చేస్తున్న ఇంకో ముస్లిం ఉన్నాడు, షాహిర్ అమర్ షేక్. మరాఠా వీరగాథలు చెప్పే ‘పొవాడా’ బాణీలో అణ్ణాభావు సాఠేతో కలిసి బొంబాయి మిల్లు కార్మికులకి పాటలు పాడాడు. హైదరాబాద్‌లో మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూలో రాస్తున్నారు. మఖ్దూంని మనం ఎంత మొహబ్బత్‌తో తలుచుకుంటామో అందరికీ తెలుసు, తలుచుకోవాల్సిందే. మఖ్దూం కలం ఉర్దూ చదివిన మజ్లిస్‌ని కదిలించింది. నాజర్ గొంతు అక్షరం రాని తెలుగు పల్లెని కదిలించింది. మఖ్దూం ఫోటో ఉన్న గోడ మీద నాజర్ ఫోటోకి కూడా జగా ఉండాలి.

ప్రజానాట్యమండలి రోజుల్లోనే సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు ‘మా భూమి’ నాటకం రాశారు. విసునూరు దేశ్‌ముఖ్‌ని ఎదిరించి ప్రాణమిచ్చిన షేక్ బందగీ పోరాటం దానికి ప్రేరణ. మద్రాసు ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. బుర్రకథల మీదా ఆంక్షలు పడ్డాయి. కళాకారులు పోలీసుల నుంచి తప్పించుకుంటూ బతికారు. తంబూరా, డక్కీ చూసి సర్కారు ఖౌఫ్ పడిందంటే ఆ ఫన్ తాకత్ ఎంతో మనం అందాజా వేసుకోవచ్చు.

ఆయన చెప్పిన కథలు, రాసిన నాటకం

నాజర్ పేరు చెబితే ముందుగా గుర్తొచ్చేవి ‘పల్నాటి యుద్ధం’, ‘బొబ్బిలి యుద్ధం’, ‘అల్లూరి సీతారామరాజు’. ఈ మూడూ తెలుగువాళ్ల కథలు. వాటిని తెలుగువాళ్ల గుండెల్లో నాటిన గొంతుల్లో ఒక దూదేకుల సాయిబు గొంతు ముందుంది. అందుకే ఒక్కో కథ దగ్గర కాసేపు ఆగుదాం.

పల్నాటి యుద్ధం 12వ శతాబ్దం నాటిది. కారంపూడి రణరంగం. ఒక వైపు నాయకురాలు నాగమ్మ, ఇంకో వైపు బ్రహ్మనాయుడు, ఆయన కొడుకు బాలచంద్రుడు. పైకి చూస్తే అన్నదమ్ముల రాజ్యాల ఝగడా, కోడిపందెం పంతం. లోపల ఇంకో కథ ఉంది. బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడని చెబుతారు. దాన్నే చాపకూడు అంటారు. దళితుడైన కన్నమదాసు ఆయన సేనలో పెద్ద వీరుడు. ఒకే చాప, ఒకే తిండి. ఒకే దస్తర్‌ఖాన్ మీద షేకూ సయ్యదూ దూదేకులా కలిసి తినాలని మన దీన్ చెప్పే మసావాత్‌కి ఇది ఎంత దగ్గరో చూడండి. పందిరి కింద కూర్చున్న మాల, మాదిగ, కమ్మ, కాపు, సాయిబు అందరికీ ఆ చాప కథని పింజారి అని పిలవబడే మనిషి చెబుతుంటే, ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలి ఉంటుంది.

బొబ్బిలి యుద్ధం 1757 నాటిది. ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు, విజయనగరం రాజు కక్ష, బొబ్బిలి కోటలో తాండ్ర పాపారాయుడి పౌరుషం. ఈ కథలో బుస్సీ దివాను హైదర్ జంగ్ అనే ముస్లిం కూడా ఉన్నాడు. జానపద గాథల్లో అతనిది మంచి పాత్ర కాదు. అలాంటి కథని చెప్పే కథకుడు ముస్లిం అయినంత మాత్రాన బొబ్బిలి వీరుల మీద జనానికున్న భక్తి తగ్గలేదు, కథకుడి మీద షక్ రాలేదు. జాలిమ్ ఎవరైనా జాలిమే, మజ్లూమ్ ఎవరైనా మజ్లూమే. కథకుడు నిలబడాల్సిన చోటు మజ్లూమ్ పక్కన. నాజర్ కథలన్నిటికీ ఉసూల్ ఇదే.

అల్లూరి సీతారామరాజు కథ ఇంకా దగ్గరి కాలానిది. 1922 నుంచి 1924 దాకా మన్యంలో అంగ్రేజుల మీద చేసిన బగావత్. ఆ బుర్రకథ రచన సుంకర సత్యనారాయణది. నాజర్ దళం దాన్ని ఊరూరా చెప్పింది. 1954లో ఎన్టీ రామారావు, భానుమతి నటించిన ‘అగ్గిరాముడు’ సినిమాలో అల్లూరి బుర్రకథ నాజర్ దళానిదే. పల్లె చూడని పట్నం జనం నాజర్‌ని తెర మీద చూశారు. అంతకుముందు ఏడాది గరికపాటి రాజారావు తీసిన ‘పుట్టిల్లు’ సినిమాలో కూడా ఆయన బుర్రకథ ఉంది. సీతారామరాజు అనగానే ఇవాళ పిల్లలకి సినిమా హీరోల మొహాలు గుర్తొస్తాయి. వాళ్ల నానమ్మల, అమ్మమ్మల జమానాలో మన్యం వీరుడు నాజర్ గజ్జెల చప్పుడుతో ఊళ్లోకి వచ్చేవాడు.

నాజర్ నాటకకర్త కూడా. ఆయన రాసిన నాటకం పేరు ‘ఆసామి’. ఈ మాట చదవగానే తెలుగువాళ్లకి పొలం పుట్రా ఉన్న మనిషి గుర్తొస్తాడు. మన ఉర్దూ వాళ్లకి ఇంకోటి గుర్తురావాలి. ఆసామీ మన మాట. అరబీ ‘ఇస్మ్’ అంటే పేరు, దాని బహువచనాల్లో ‘అసామీ’ ఒకటి. రెవెన్యూ దఫ్తర్లలో పేరు ఎక్కిన రైతు ఆసామీ అయ్యాడు. హిందుస్తానీలో కౌలుదారుని, ఒక్కోసారి ముల్జిమ్‌ని కూడా ఆసామీ అన్నారు. తెలుగులోకి వచ్చాక భూమి గల పెద్దమనిషి అయ్యాడు. ఒకే మాట ఒక చోట దున్నేవాడు, ఇంకో చోట దున్నించేవాడు. రైతు పోరాటాల మధ్య పెరిగిన కళాకారుడు తన నాటకానికి ఈ మాటే పేరుగా పెట్టడం చూస్తే నాకు చాలా ముచ్చటేస్తుంది. తెలుగు రైతు నోట్లో రోజూ నలిగే మాట, దాని పుట్టిల్లు మన జుబాన్. నాజర్ కూడా అంతే.

జాయెజా, నాజాయెజా అనే సవాల్

నాజర్ సంగతి ఎత్తితే మన మెహఫిళ్లలో ఒక సవాల్ తప్పకుండా వస్తుంది. ‘ముసల్మాన్ అయి గజ్జె కట్టడం, రాముడి నాటకం ఆడటం జాయెజేనా?’ ఫత్వా ఇచ్చే ఇల్మ్ నాది కాదు, అది ఆలిమ్‌ల పని. నా పని తారీఖ్ రాయడం. తారీఖ్ చెప్పేది ఇది. ఆయన బతికినంత కాలం షేక్ నాజర్ అనే పేరుతోనే బతికారు. స్టేజీ కోసం ఇంకో పేరు పెట్టుకోలేదు. సినిమావాళ్లలో మన కౌమ్ నటులు ఎందరో పేర్లు మార్చుకున్నారు. యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయ్యారు, మహజబీన్ మీనా కుమారి అయ్యారు. అది ఆ జమానా మజ్బూరీ, వాళ్లని తప్పుపట్టను. పొన్నెకల్లు దూదేకుల బిడ్డ మాత్రం పల్నాటి బ్రహ్మనాయుడి కథ చెప్పడానికి కూడా షేక్ నాజర్‌గానే పందిరి ఎక్కారు. తెలుగు పల్లె ఆయన్ని అదే పేరుతో ఒప్పుకుంది.

ఇంకో సవాల్ ఉంది. అది ఎవరూ గట్టిగా అడగరు. మన కౌమ్‌లో దూదేకుల వాళ్లని సగం ముసల్మాన్లుగా చూసే ఆదత్ సంగతేమిటి? రిష్తా మాట్లాడేటప్పుడు ‘దూదేకులోళ్లట’ అని గొంతు తగ్గించి చెప్పే రివాజు నా చిన్నప్పుడు మా చుట్టాల ఇళ్లలోనూ ఉంది. ఇవాళ పూర్తిగా పోయిందని ఎవరం చెప్పగలం? బయటివాళ్లు పింజారి అని తిట్టారు, లోపలివాళ్లు తురకం రాదని నవ్వారు. నాజర్‌కి రెండు వైపుల నుంచీ అదే మాట. ఆత్మకథకి ఆ పేరు ఉండటం ఆ రెండు వైపులకీ ఒకే జవాబుగా నాకు కనిపిస్తుంది. అట్ట మీద ఆ మాట చదివినవాడు లోపల ఒక పద్మశ్రీ గ్రహీత జిందగీని చదవాల్సిందే. పుస్తకం మూసేసరికి ఆ మాట నోట్లో తిట్టుగా పలకడానికి సిగ్గేస్తుంది.

తెలుగు వస్తే దీన్ తగ్గదని, ఉర్దూ వస్తే ఖాన్‌దాన్ పెరగదని మనకి చెప్పడానికి ఆయనకంటే పెద్ద మిసాల్ ఏం కావాలి? ఈ డెల్టాలో మన కౌమ్ పిల్లల్లో చాలామంది ఇప్పుడు తెలుగు, ఇంగ్లిషు మీడియాల్లోనే చదువుతున్నారు. వాళ్లకి తెలుగు సాహిత్యం అంటే తాము కిరాయికి దిగిన ఇల్లులా అనిపించకూడదు. ఆ ఇంటికి గోడలు కట్టినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారని సబూత్‌తో చూపించాలి.

సర్కారు సన్మానం, జనం బాకీ

ప్రభుత్వం నాజర్‌కి 1986లో పద్మశ్రీ ఇచ్చింది. ఒకప్పుడు బుర్రకథ చెబితే పోలీసుల్ని పంపిన సర్కారే తర్వాత అదే బుర్రకథకి పతకం ఇచ్చింది. 1997 ఫిబ్రవరి 22న నాజర్ ఇంతఖాల్ చేశారు. 77 ఏళ్ల ఉమర్. అందులో ఐదారు దశాబ్దాలు స్టేజీకే పోయాయి.

ఆయన తర్వాత బుర్రకథ బతికే ఉంది గానీ సన్నబడింది. టీవీ వచ్చింది, సెల్ వచ్చింది, తెల్లవార్లూ కూర్చునే ఫుర్సత్ జనానికి లేదు. దళాలు తగ్గాయి. ఉన్న దళాలకి సర్కారీ పథకాల ప్రచారమే ఎక్కువ దిక్కు. రాజుని నిలదీసిన రాజకీయ వంత ఇప్పుడు రాజు పథకాన్ని చదివి వినిపిస్తున్నాడు. నాజర్ తరం ఇచ్చిన రూపం మిగిలింది, ఆ జుర్రత్ మిగిలిందా అన్నది మనం ఆలోచించుకోవాల్సిన మాట.

పెద్ద స్మారకాలు కట్టే తాకత్ మనకి లేకపోవచ్చు. చేయగలిగింది చేద్దాం. గుంటూరు, తెనాలి, మంగళగిరి, విజయవాడ చుట్టుపక్కల పల్లెల్లో నాజర్ కథ స్వయంగా విన్న పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ఎనభై దాటినవాళ్లు. వాళ్ల దగ్గర కూర్చుని, ఏ ఊళ్లో విన్నారు, ఏ కథ విన్నారు, ఏ ఘట్టం యాదుంది అని అడిగి ఫోన్‌లోనైనా రికార్డు చేయండి. మీ నానీ, దాదీ దగ్గర ఇలాంటి యాదులు ఉంటే ఆ పని ఈ ఇత్వారే మొదలుపెట్టండి. మన మదర్సాల్లో, స్కూళ్లలో సాలానా జల్సాలకి పిల్లలతో నజ్మ్ చదివించినట్టే ఒక పది నిమిషాల బుర్రకథ చెప్పించవచ్చు. ‘పింజారి’ దొరికితే ఇంట్లో ఒక కాపీ ఉంచండి. పిల్లలు ‘అబ్బా, పింజారి అంటే ఏమిటి?’ అని అడిగితే దూది ఏకే విల్లు నుంచి మొదలుపెట్టి పద్మశ్రీ దాకా చెప్పండి.